గాలి లాగని హుడ్ ముందు ఎందుకమ్మ

ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుండేది. బడి హాజరుపట్టీలో తప్ప అది పెద్దగా వాడుకలోకి రాలేదు. మాటలు వచ్చిన నాటి నుంచీ ఎవరేం చెప్పినా "ఎందుకు?" అని అడగడం ఆ పిల్లకు అలవాటు. పాలు తాగమంటే ఎందుకు, పడుకోమంటే ఎందుకు, తలుపు వెయ్యమంటే ఎందుకు. విసిగిపోయిన అమ్మమ్మ ఒకరోజు రెండు చేతులూ జోడించి, "తల్లీ, ఎందుకమ్మా, నన్నొదిలెయ్యవే" అంది. అంతే, ఆ పేరు బంకలా అంటుకుపోయింది. పెళ్ళయ్యాక మొగుడి చెవిన కూడా ఎవరో వేశారు. సిటీ బస్సు డ్రైవరు అతను. రోజంతా హారన్ల మధ్య తిరిగి ఇంటికొచ్చి, "ఎందుకూ, టీ పెట్టావా?" అని పిలిచేవాడు. "ఎందుకు పెట్టాలి? నువ్వు పెడితే పొంగదా?" అని లోపల్నుంచి జవాబు వచ్చేది. టీ మాత్రం ఇద్దరూ కలిసే పెట్టుకునేవారు.

సైకిల్ షాపు పైన రెండు గదుల వాటా వాళ్ళది. ముందు గదిలో అత్తగారి కుట్టుమిషన్, దాని పక్కన కిటికీకి ఆనించి నాన్న కుర్చీ. అమ్మ పోయాక నాన్నను తన దగ్గరికే తెచ్చుకుంది ఎందుకమ్మ. ఆయన రాతి పలకలకు పాలిష్ పట్టే షెడ్డులో పని చేసిన మనిషి. ఆమె చిన్నప్పుడు సాయంత్రం ఆయన గుమ్మంలోకి వస్తే కనుబొమల మీద, చెవి మడతల్లో, చొక్కా జేబులో తెల్లటి పొడి ఉండేది. తల దులిపితే పిండి జల్లెడ పట్టినట్టు రాలేది. పిల్లకు అది ఆటగా ఉండేది. ఆ పొడి రాలిపోయిందనే అందరూ అనుకున్నారు. రాలనిది లోపలికి పోయింది. ఇప్పుడాయన వీధిలోకి దిగి మళ్ళీ పైకి రావాలంటే మెట్ల మీద మధ్యలో కూర్చుని, వచ్చేపోయే వాళ్ళతో "గాలి కోసం కూర్చున్నాన్లే" అని నవ్వుతూ చెబుతాడు. నిజంగా గాలి కోసమేనని ఎవరికీ తట్టదు.

ఎందుకమ్మ ఒక డిగ్రీ కాలేజీలో జీవశాస్త్రం ల్యాబు చూసేది. పిల్లలకు మైక్రోస్కోపు పట్టడం, గాజు పలక మీద చుక్క వెయ్యడం నేర్పడం ఆమె పని. తను చదువుకునే రోజుల్లో ఒక పాఠంలో విన్న సంగతి ఆమె బుర్రలోంచి పోలేదు. కంటికి కనిపించే దుమ్మును ముక్కు చాలామటుకు ఆపేస్తుంది. కనిపించనంత సన్నదే ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. ఆ రోజు క్లాసులో ఆమెకు నాన్న చొక్కా జేబు గుర్తొచ్చింది. అప్పట్నుంచీ సన్నటి పొడి అంటే ఆమెకు పగవాడి మీద ఉన్నంత ఆసక్తి.

అందుకే, ఊరికి అటు చివర ఉన్న పెద్ద పరిశోధన సంస్థ నానో బయోటెక్నాలజీలో, నానో పదార్థాల భద్రతలో చేతులతో చేయించే శిక్షణ పెడుతోందని తెలిసినప్పుడు ఆమె ఎగిరి గంతేసింది. వెంట్రుక మందాన్ని వెయ్యి చీలికలు చేస్తే ఒక చీలిక ఎంత ఉంటుందో అంతకన్నా చిన్న రేణువులవి. రంగుల్లో, మందుల్లో, ముఖానికి రాసుకునే క్రీముల్లో కలిపేస్తున్నారు. వాటిని ఎలా తయారు చేస్తారో, అవి మన కణాలను ఏం చేస్తాయో నేర్పుతారట. దరఖాస్తు పెట్టింది, సీటు రాలేదు. మళ్ళీ పెట్టింది, రాలేదు. మరోసారి పెట్టింది, వచ్చింది. అయితే పిలుపు వచ్చేసరికి ఆమె కడుపుతో ఉంది.

పెళ్ళైన చాలా ఏళ్ళకు నిలిచిన కడుపు. అంతకుముందు ఒకటి నిలవలేదు. అందుకని ఇంట్లో అందరూ ఆమెను గాజు గ్లాసులా చూస్తున్నారు. "మానెయ్" అని ఎవరూ అనలేదు గానీ, అనకుండా ఉండటానికి ఒక్కొక్కరూ ఎంత కష్టపడుతున్నారో మొహాల్లో తెలుస్తూనే ఉంది.

శిక్షణ మొదటి రోజు పొద్దున్నే హాల్లో పరిచయాలు అయ్యాయి. చేపల పెంపకం మీద పరిశోధన చేసే ఒకావిడ, రంగుల కంపెనీలో పనిచేసే ఒక యువకుడు, కాలేజీ లెక్చరర్లు, మందుల కంపెనీ వాళ్ళు. టీ విరామంలో శిక్షణ నడిపే ప్రొఫెసర్ ఎందుకమ్మను తన గదికి పిలిచాడు. జుట్టు నెరిసిన, మెత్తగా మాట్లాడే మనిషి. చెడ్డవాడేం కాదు.

"కూర్చోండమ్మా. ఎన్నో నెల?"

"ఐదోది సార్."

"సంతోషం. చూడండి, లెక్చర్లన్నీ హాయిగా వినండి. ల్యాబులోకి మాత్రం మీరు రావద్దు. ఆ టైములో లైబ్రరీలో కూర్చోండి, చల్లగా ఉంటుంది. సర్టిఫికెట్ గురించి బెంగ పెట్టుకోకండి. అందరితో పాటే మీకూ ఇచ్చేస్తాం."

"ఎందుకు సార్?"

"సర్టిఫికెట్ ఎందుకంటారేంటి!"

"అది కాదు సార్. ల్యాబులోకి ఎందుకు రావద్దు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నానో పొడులు తూస్తాం కదమ్మా. ఈ పరిస్థితిలో మీరు... మీ మంచికే చెబుతున్నా."

"ఆ గదిలో గాలి బాగా లేదా సార్?"

"ఛ, అదేం మాట! భేషుగ్గా ఉంది. ఎగిరిన పొడిని బయటికి లాగేసే మంచి హుడ్ ఉంది."

"గాలి బాగుంటే నేనెందుకు రాకూడదు? బాగా లేకపోతే మిగతావాళ్ళు ఎందుకు రావాలి?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. ఎదుట ఉన్న మనిషిని ఇప్పుడే చూస్తున్నట్టు చూశాడు. "మీతో వాదించే ఓపిక నాకు లేదమ్మా" అన్నాడు. ఆ రోజుకు మాట అక్కడ ఆగింది.

ఇంటికొచ్చి జరిగింది చెప్పింది. అత్తగారు మిషన్ ఆపింది. ఆవిడ మిషన్ ఆపిందంటే విషయం పెద్దదని అర్థం.

"ఆయన మాట వినరాదా అమ్మా?" అన్నాడు నాన్న కుర్చీలోంచి. "కాగితం ఎలాగూ ఇస్తానన్నాడుగా. పెద్దోళ్ళతో నీకెందుకు గొడవ?"

"నువ్వూ అంతేనా నాన్నా? నీ షెడ్డులో నువ్వు ఒక్కసారైనా అడిగుంటే..."

అని నాలుక కరుచుకుంది గానీ మాట జారిపోయింది. ఆయన ఊపిరి ఈల వేసినట్టు వినిపించింది.

"అడిగినవాడు ఒకడుండేవాడు" అన్నాడాయన నెమ్మదిగా. "మర్నాడు వాడి జాగాలో ఇంకొకడు నిలబడి ఉన్నాడు. నువ్వు చిన్నపిల్లవప్పుడు."

ఎందుకమ్మ లోపలికి వెళ్ళి గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చి, పక్కనే నేల మీద కూర్చుంది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఎవరూ ఎవర్నీ క్షమించమని అడగలేదు, అవసరం పడలేదు.

మొగుడు గోడకానుకుని కాలు ఆడిస్తూ నిలబడ్డాడు. "నాకు భయంగానే ఉంది" అన్నాడు నిజాయితీగా. "కానీ నువ్వు లైబ్రరీలో కూర్చుని ఆ రోజులన్నీ పళ్ళు నూరుకుంటావు చూడు, అది తలుచుకుంటే ఇంకా భయంగా ఉంది."

అత్తగారు దారం తెంపి సూదిని దారపు ఉండకు గుచ్చింది. "నేను వీణ్ణి మోస్తూ నెలలు నిండేదాకా మిషన్ తొక్కాను. అందుకే వీడికి కాలు ఒక్కచోట నిలవదు, బస్సు తోలుకు బతుకుతున్నాడు. అదంతా సరే. చెయ్యని పనికి కాగితం పుచ్చుకోవడం ఏంటి? నేనెప్పుడైనా కుట్టని జాకెట్టు ఇచ్చి పంపానా? రేపు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి పోదాం. ఆవిడ వద్దంటే నోరు మూసుకుని ఇంట్లో కూర్చో. ఫరవాలేదంటే ఆ పెద్దమనిషి మాట నువ్వూ వినక్కర్లేదు, నేనూ వినను."

డాక్టరమ్మ అంతా విని, సూటిగా చెప్పింది. "పొడిగా ఉన్నదేదీ నువ్వు తూచొద్దు. ఘాటు వాసనొచ్చే ద్రావకాల జోలికి పోవద్దు. నీళ్ళలో కలిపినవి, మూసిన క్యాబినెట్‌లో, గ్లవ్స్ వేసుకుని చేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ గదిలో గాలిని లాగే హుడ్ నిజంగా లాగుతోందో లేదో నాకు తెలీదు. నీకు తెలుసా?"

"తెలీదు డాక్టర్."

"ముందు అది తెలుసుకో. తర్వాతే లోపల అడుగుపెట్టు."

బయటికొచ్చాక అత్తగారు ఆమె సంచీ తన భుజానికి తగిలించుకుని, "ఇంకేం మరి, బస్సెక్కు" అంది.

ల్యాబు చూసుకునే టెక్నీషియన్ తాటిచెట్టంత పొడుగు. అందరూ అతన్ని నిచ్చెన అనే పిలిచేవారు, అతనూ పలికేవాడు. ఎందుకమ్మ వెళ్ళేసరికి మిగతావాళ్ళు తెల్ల కోట్లు తొడుక్కుని, మాస్కులు బిగించుకుని, హుడ్ చుట్టూ మూగి ఉన్నారు. హుడ్ అంటే గాజు తలుపున్న పెద్ద పెట్టెలాంటి బల్ల. తలుపు కొంచెం పైకెత్తి చేతులు లోపల పెట్టి పని చేస్తారు. ఎగిరిన పొడినీ వాసననూ వెనక గొట్టం పైకి లాగి మేడ మీద నుంచి బయటికి పంపాలి. లోపల తూకం యంత్రం పక్కన మూత తియ్యని తెల్ల పొడి సీసాలు వరసగా ఉన్నాయి. మధ్యాహ్నం సంస్థకు పరికరాలిచ్చే అతిథులు వస్తారట. వాళ్ళ ముందు పొడి తూచి చూపించాలని, ఫోటోలు తీయాలని ఏర్పాటు.

ఎందుకమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "నిచ్చెనా, ఈ హుడ్ లాగుతోందో లేదో ఈమధ్య ఎవరైనా చూశారా?"

"చూసేదేముంది మేడమ్? మోటారు సౌండ్ వినపడట్లేదా? ఎంత దర్జాగా తిరుగుతోందో!"

"సౌండ్ సరే. లాగుతోందా?"

అతను తల గోక్కున్నాడు. కణాలను చల్లగా ఉంచడానికి తెప్పించిన డ్రై ఐస్, నీళ్ళలో వేస్తే పొగలు కక్కే మంచు, థర్మకోల్ పెట్టెలో ఉంది. ఆమె దాన్ని చూపించింది. "ఒక గిన్నెలో వేడి నీళ్ళు పోసి, అందులో రెండు ముక్కలు వేసి లోపల పెట్టు. పొగ ఎటు పోతుందో చూద్దాం."

నిచ్చెనకు కూడా సరదా పుట్టింది. గిన్నె లోపల పెట్టి, గాజు తలుపు పని చేసేంత ఎత్తులో ఉంచాడు. తెల్లటి పొగ బుసబుసమని లేచింది. వెనక ఉన్న చీలికల్లోకి పోవాల్సిన పొగ, అక్కడ కాస్త తచ్చాడి, తనకు ఆ దారి తెలియనట్టు ముందుకే తిరిగింది. బల్ల అంచు దాటి, పాలు పొంగి కారినట్టు కారి, నిలబడ్డవాళ్ళ కోట్లకు ఆనుకుని కిందికి జారింది. "అబ్బో, స్టేజీ మీద డ్యాన్సులా ఉందే!" అన్నాడు రంగుల కంపెనీ అతను. పొగ అతని బూట్ల మీదికి వచ్చి చుట్టుకుంది. నవ్వు అతని నోట్లోనే ఉండిపోయింది.

మోటారు మాత్రం దర్జాగా హోరుపెడుతూనే ఉంది.

అప్పుడే ప్రొఫెసర్ లోపలికి వచ్చాడు. గిన్నెనూ పొగనూ ఎందుకమ్మనూ ఆ వరసలో చూశాడు. "ఇదేంటిది?"

"లాగట్లేదు సార్" అన్నాడు నిచ్చెన, నేల చూపులు చూస్తూ.

"రేపు చూపిద్దాం. ఇవాళ ఒక్క చిటికెడు తూస్తాం, అంతే. అందరికీ మాస్కులున్నాయి. అతిథులు బయల్దేరిపోయారు కూడా."

ఎందుకమ్మ లోపలికి వచ్చింది. గోడ పక్కనున్న స్టూలు ఈడ్చుకుని, సరిగ్గా హుడ్ ముందు వేసుకుని, వీపు గాజు తలుపు వైపు పెట్టి కూర్చుంది.

"లేవండమ్మా."

"ఇది బాగయ్యేదాకా ఈ సీసాల మూత తియ్యనివ్వను సార్."

"మీరు శిక్షణకొచ్చారా, ధర్నాకొచ్చారా?"

"శిక్షణకే సార్. దీని పేరులో భద్రత అనే మాట ఉంది కదా. అదే నేర్చుకుంటున్నా."

"మీ పేరు కొట్టేయాల్సి వస్తుంది."

"కొట్టేయండి. నేను లేచి వెళ్ళినంత మాత్రాన పొగ వెనక్కి తిరిగిపోదు సార్."

ఆమె గొంతు స్థిరంగానే ఉంది. స్టూలును ఇంకాస్త వెనక్కి, బల్లకు ఆనేలా జరుపుకుంది.

రంగుల కంపెనీ అతను ముందుకొచ్చాడు. "మేడమ్, మేం సెలవులు పెట్టుకుని వచ్చాం. మీ ఒక్కరి పంతం కోసం అందరి పనీ ఆగాలా? మా ఫ్యాక్టరీలో ఇదే పొడి బస్తాలకు బస్తాలు ఎత్తి పోస్తారు. ఎవరికీ ఏం కాలేదు."

"ఎవరికీ ఏం కాలేదని ఎవరు చూశారు?"

అతను మాస్కు సర్దుకున్నాడు.

"మా నాన్న పనిచేసిన చోటా ఇదే మాట అనేవాళ్ళు" అంది ఆమె. "ఆయన ఇప్పుడు మా ఇంటి మెట్లెక్కాలంటే మధ్యలో కూర్చోవాలి. నా కడుపు చూసి నన్ను ఆపారు. మరి మీ ఊపిరితిత్తులు? అవి కనపడవు కాబట్టి ఫరవాలేదా?"

చేపల ఆవిడ ఇంకేం మాట్లాడకుండా ఇంకో స్టూలు తెచ్చి ఎందుకమ్మ పక్కన వేసుకుంది. మందుల కంపెనీ నుంచి వచ్చిన పెద్దాయన ఒకడు, "నాకు నిలబడితే నడుం నొప్పి" అని సాకు చెప్పి తనూ కూర్చున్నాడు. మిగతావాళ్ళు గోడకు చేరబడి చూస్తూ ఉండిపోయారు. ప్రొఫెసర్ మొహం కందగడ్డలా అయింది. విసురుగా బయటికి వెళ్ళిపోయాడు.

ఐదో నెల కడుపుకు పంతాలూ పట్టింపులూ తెలియవు. కాసేపటికే ఎందుకమ్మకు బాత్రూముకు వెళ్ళాల్సి వచ్చింది. లేస్తే జాగా పోతుందేమోనని బిగబట్టింది. చేపల ఆవిడ పసిగట్టి, "వెళ్ళిరా తల్లీ, నీ స్టూలు మీద నా కాళ్ళు పెట్టుకుంటా. ఎవరొచ్చినా లేవను" అంది. ఎందుకమ్మ పరిగెత్తి వెళ్ళి, పరిగెత్తి వచ్చింది. వచ్చేసరికి ఆ మహాతల్లి నిజంగానే రెండు కాళ్ళూ చాపుకుని మహారాణిలా కూర్చుని ఉంది. ఆ ఉద్రిక్తతలోనూ ఇద్దరికీ నవ్వాగలేదు.

మధ్యాహ్నం అతిథులు వచ్చారు. కెమెరాలతో, ప్రొఫెసర్ వెంటరాగా. హుడ్ ముందు ముగ్గురు స్టూళ్ళు వేసుకుని కూర్చోవడం చూసి వాళ్ళలో పెద్దాయన ముచ్చటపడి, "ఇదేం ప్రయోగం?" అని అడిగాడు.

ప్రొఫెసర్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇది... హుడ్ పరీక్ష. భద్రత పాఠంలో మొదటి అంశం."

"ఫెయిలైంది సార్" అంది ఎందుకమ్మ.

నిచ్చెన అడక్కుండానే ఇంకో రెండు మంచు ముక్కలు గిన్నెలో వేశాడు. పొగ లేచి, ముందుకొచ్చి, అతిథుల మెరిసే బూట్ల దాకా పాకింది. వాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. ప్రొఫెసర్ ముందుకొచ్చి గాజు తలుపు కింద తన చెయ్యి చాపి, అలాగే కాసేపు ఉంచాడు. వేళ్ళకు గాలి ఆడిన జాడ లేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నిచ్చెనా, సీసాలు తీసి బీరువాలో పెట్టి తాళం వెయ్యి. పైకెళ్ళి చూసిరా."

నిచ్చెన మేడ మీదికి వెళ్ళి, తెగిపోయిన బెల్టు ఒకటి చచ్చిన పాములా వేలాడేసుకుని దిగొచ్చాడు. మోటారు తన మానాన తను తిరుగుతోంది. దానికీ ఫ్యానుకూ మధ్య బెల్టు ఎప్పుడు తెగిందో ఆ ఫ్యానుకే తెలియాలి. రెక్కల మీద పావురాలు కాపురం పెట్టాయట.

కొత్త బెల్టు వచ్చేదాకా పొడి ఎవరూ ముట్టుకోలేదు. పక్క గదిలో మూసిన క్యాబినెట్‌లో, నీళ్ళలో కలిపిన పదార్థాలతోనే పని నడిచింది. పేరు కొట్టేస్తామన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆమె కూడా అడక్కుండా రోజూ అందరికన్నా ముందు వచ్చి గ్లవ్స్ తొడుక్కునేది. వెండి ఉప్పు కలిపిన నీళ్ళలో ఆకు కషాయం చుక్కచుక్కగా వేస్తే, ఆ తేట ద్రవం మెల్లగా లేత పసుపుకు, తర్వాత తేనె రంగుకు తిరిగింది. వెండి రేణువులు పుట్టాయన్నమాట. తన చేతుల్లో రంగు మారుతుంటే ఎందుకమ్మ ఊపిరి బిగబట్టి చూసింది.

తర్వాత గుంటల గుంటల పళ్ళెంలో కణాలు పెంచి, వాటి మీద జింకు రేణువుల నీళ్ళు వేశారు. బతికున్న కణాలు రంగుమందును ఊదాగా మారుస్తాయి. చచ్చిపోయినవి మార్చలేవు. మర్నాడు చూస్తే తక్కువ మోతాదు గుంటలు వంకాయ రంగులో నిగనిగలాడుతున్నాయి. ఎక్కువ వేసిన గుంటలు పసుపుగా, బోసిగా ఉండిపోయాయి. రంగుల కంపెనీ అతను తన పళ్ళాన్ని చాలాసేపు కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు. తర్వాత ఆమె దగ్గరికొచ్చి, "మేడమ్, మా ఫ్యాక్టరీలో పొడి పోసే చోట హుడ్డే లేదు. ఏం పెట్టమని అడగాలి?" అన్నాడు. హుడ్ ముందు అనుకున్న మాటల జోలికి ఇద్దరిలో ఎవరూ వెళ్ళలేదు. కూర్చుని బొమ్మ గీసి చూపించింది.

కొత్త బెల్టు వేశాక పొగ దారంతో లాగినట్టు వెనక్కి పోయింది. అందరూ వంతులవారీగా పొడి తూచారు. ఎందుకమ్మ తూచలేదు. ఎవరో వద్దన్నారని కాదు. తనే వద్దనుకుంది. గాజు తలుపుకు ఇవతల, దూరంగా నిలబడి చూసింది. అందులో ఆమెకు చిన్నతనమేమీ అనిపించలేదు.

ఆఖరి రోజు సభ. ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలిచి సర్టిఫికెట్ ఇస్తున్నారు. ఎందుకమ్మ వంతు వచ్చింది. ప్రొఫెసర్ చేతిలోని కాగితం వైపు చూసింది. అందరి కాగితాల మీదా ప్రయోగశాల శిక్షణ పూర్తి చేశారని ఉంది. ఆమెది మాత్రం వేరే అచ్చు. ఉపన్యాసాలకు హాజరయ్యారని ఉంది.

ఆమె చెయ్యి చాపలేదు. "ఇది నాది కాదు సార్."

ఆయన మైకుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "తీసుకోండమ్మా. తర్వాత మాట్లాడదాం."

"మాట్లాడాకే తీసుకుంటాను సార్."

చప్పట్లు లేవు, ఏమీ లేవు. మెట్లు దిగుతుంటే తన చెప్పుల చప్పుడే తనకు వినపడింది. చేపల ఆవిడ మాత్రం తన కుర్చీ జరిపి పక్కన చోటిచ్చింది.

ఇంట్లో ఆ సంగతి చెప్పగానే మొగుడు మొదట నెత్తి పట్టుకున్నాడు. "ఇన్ని రోజులు పోరాడి, చివరికి ఒట్టి చేతులతో వచ్చావా?"

"ఒట్టి చేతులేంటి? ఈ చేతులతోనే వెండి రేణువులు చేశాను."

"శభాష్" అంది అత్తగారు, మిషన్ ఆపకుండానే.

నాన్న నవ్వాడు. నవ్వు దగ్గుగా మారింది, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వే వచ్చింది. "స్టేజీ మీదే వద్దన్నావా! అంతమందిలో!" కళ్ళు తుడుచుకుని, కాసేపు కిటికీలోంచి చూసి, "నీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుందే, ఆ చేపల అమ్మాయి, ఆవిణ్ణి ఓసారి ఇంటికి పిలువు. చూడాలనుంది" అన్నాడు.

తర్వాత చాన్నాళ్ళు ఆ సంస్థ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఎందుకమ్మ వదిలిపెట్టలేదు. ఫోన్ చేసేది. ఆయన లేరనేవారు. మళ్ళీ చేసేది. మీటింగులో ఉన్నారనేవారు. "మీటింగయ్యాకే చేస్తాను, ఎప్పుడవుతుంది?" అని అడిగేది. ఆఫీసులో ఫోనెత్తే అమ్మాయికి ఆమె గొంతు ఎంత అలవాటైపోయిందంటే, "పాప కదులుతోందా మేడమ్?" అని తనే ముందు కుశలం అడిగేది.

ఏడో నెల నిండుతుండగా ఒక పొద్దున ఫోన్ మోగింది. ప్రొఫెసర్.

"మీ పేరు స్పెల్లింగ్ చెప్పండి" అన్నాడు పొడిగా.

ఆమె ఒక్కో అక్షరం చెప్పింది. అవతల రాసుకుంటున్న చప్పుడు.

"వచ్చి తీసుకోండి."

మొగుడు ఆ పూట సెలవు పెట్టి తోడొచ్చాడు. ప్రొఫెసర్ గదిలో కాగితం బల్ల మీద ఉంది. ఎందుకమ్మ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది. ప్రయోగశాల శిక్షణ పూర్తి చేశారని ఉంది. పేరు తప్పుల్లేకుండా ఉంది. మడత పడకుండా అట్టల మధ్య పెట్టి సంచీలో వేసుకుంది.

"మీరు మనుషుల్ని చాలా విసిగిస్తారు" అన్నాడాయన.

"అవును సార్."

ఆయన ఇంకేదో వస్తుందని ఎదురు చూసినట్టున్నాడు. క్షమాపణ లాంటిదేదో. రాలేదు. ఆయనా అడగలేదు. ఎందుకమ్మ కుర్చీ చేతులు పట్టుకుని భారంగా లేచి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"కింది అంతస్తులో పిల్లలు పీహెచ్‌డీ పని చేసే గది ఉంది కదా సార్. అందులోనూ ఒక హుడ్ ఉందని నిచ్చెన చెప్పాడు. దాన్ని ఎవరైనా చూశారా?"

ప్రొఫెసర్ కళ్ళు మూసుకుని తెరిచాడు. సొరుగు లాగి తాళాల గుత్తి తీశాడు. అప్పటికే ఆమె, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, వరండాలో మెట్ల వైపు నడుస్తోంది. మొగుడు వెనకే పరిగెడుతూ అంటున్నాడు, "మెల్లగా, మెల్లగా! అది ఎక్కడికీ పారిపోదు."